నీళ్లెక్కడ పోయాలి?

గ్రాంట్ రోడ్ స్టేషనుకు దగ్గర్లోనే, కామాటిపుర చాళ్‌లో మాది కింది ఖోలీ. మోకాళ్లు పట్టేసిన అమ్మ మెట్లెక్కలేదు. వానాకాలంలో నీళ్లు గడప దాటితే ఆవిడ మంచందాకా వస్తాయి.

లాంచీల మీద పనిచేసిన పక్కింటి బాబాయి, పడవ అడుగున చేరే నీటిని తోడే చిన్న పంపు తెచ్చి బిగించాడు. 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది కనక కరెంటు పోయినా ఆగదు. నీరు పెరిగితే ఫ్లోటు లేచి దానంతటదే మొదలవుతుంది. జల్లెడకు ప్లాస్టిక్ సంచి అడ్డుపడిందా, అంతే సంగతులు! రాత్రిళ్లు లేచి చేత్తో తడిమి చూస్తుంటాను.

చిక్కల్లా పోసే చోటుతోనే. పడవకు చుట్టూ సముద్రం ఉంది. మేం గల్లీలోకి వదిలితే ఎదురింటి పిన్నిగారి వంటింట్లోకి పోతాయి. బ్యాంకు భాషలో చెప్పాలంటే, మన ఖర్చు పక్కవారి ఖాతాలో రాయడమే. బ్రిటిషువారి కాలువలు గంటకు 25 మిల్లీమీటర్ల వానకు, అదీ ఆటు వేళకు లెక్కగట్టినవి. పోటు మీద వాన పడితే నీరు దిగదు. హాజీ అలీ దగ్గర ఇప్పుడు పెద్ద పంపింగు స్టేషనుంది. అయినా గల్లీ ఖాళీ కావడానికి సమయం పడుతుంది.

అంచేత పోటు వేళలు క్యాలెండరు మీద రాసుకుంటాం. అంతవరకూ అమ్మ మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, పంపు ఆపి కూర్చుంటాం. "ఇక వదులు నాయనా" అని పిన్నిగారు కేకేశాకే స్విచ్చి వేస్తాను.