పొద్దు ఒరిగిన దిక్కుకు

డిసెంబర్ మూడో వారం. కరీంనగర్‌లో చీకటితోనే బయల్దేరి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు చేరి, సోన్ వంతెన మీద గోదావరి దాటాం. నిర్మల్ తర్వాత మహబూబ్ ఘాట్ మలుపుల్లో చలిగాలి చెవులను కోసింది. తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు తరచూ ఆదిలాబాద్ వైపే నమోదవుతాయి. కొన్ని రాత్రులు 5 డిగ్రీల దాకా దిగిపోతాయి.

చలికాలంలో సూర్యుడు మనకు దూరంగా పోతాడని చాలామంది నమ్మకం. నిజం తలకిందులు. ఏటా జనవరి మొదటి వారంలోనే భూమి సూర్యుడికి అతి దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జులై మొదట్లో ఆ దూరం 15.2 కోట్లు. పుష్య అమావాస్య నాటి నాగోబా జాతరకు ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో గోండుల మెస్రం వంశీయులు చలిలో బస చేసేది, భూమి సూర్యుడికి దగ్గరగా ఉన్న రోజుల్లోనే!

అసలు కారణం భూమి ఒరుగు. అది 23.4 డిగ్రీలు ఒరిగి తిరుగుతోంది. ఆ ఒరుగు ఎప్పుడూ ఒకే దిక్కుకు ఉంటుంది కాబట్టి, సూర్యుడి చుట్టూ సగం దారి ఉత్తరార్ధం ఎండకు ఎదురు నిలుస్తుంది, మిగతా సగం పక్కకు తిరుగుతుంది. ఎండ ఏటవాలుగా పడితే అదే వేడి ఎక్కువ నేలకు పంచుకుపోతుంది. పగలూ కురచబడుతుంది.

గుడిహత్నూర్ దాటాక ఒక పత్తి చేను గట్టు మీద ఆ ఏటవాలు కంటికి కనిపించింది. మధ్యాహ్నం పన్నెండుంపావు. నిటారుగా పాతిన మీటరు కర్ర నీడ ఉత్తరానికి 94 సెంటీమీటర్లు సాగింది, దాదాపు కర్రంత. పత్తి ఏరుతున్న పెద్దాయన చూసి, "పొద్దు దక్షిణం దిక్కు ఒరిగింది గద సారూ, నీడ సాగకుండ ఎట్లుంటది?" అన్నాడు. ఇంతకంటే సూటిగా పాఠం చెప్పినవాళ్లను నేను చూడలేదు. ఆ రోజు అక్కడ పగలు పదకొండు గంటలు, జూన్‌లో పదమూడుంపావు.

అదే కర్రకు మే నెలలో ఒక మధ్యాహ్నం నీడే ఉండదు. మే 13, 14 ప్రాంతంలో కరీంనగర్‌లో, మరో ఐదారు రోజులకు ఆదిలాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నేల ఎండి, మబ్బు లేక రామగుండం వైపు 45 డిగ్రీలు దాటేది అప్పుడే. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అన్న మాట ఊరికే పుట్టలేదు. సూర్యుడు నెత్తిన నిలిచిన వెంటనే వచ్చే కార్తె అది. మన కార్తెలు చంద్రుడి తిథులను కాక సూర్యుడి నడకను పట్టుకున్న లెక్క. అందుకే రైతుకు అవి ఇంత నమ్మకంగా పనికొస్తున్నాయి.

సూర్యుడు జులై ఆఖరులో మళ్లీ నడినెత్తికి వస్తాడు. ఈసారి ముందు ఆదిలాబాద్, తర్వాత కరీంనగర్. అయినా ఎవరికీ మే నాటి మంట తగలదు. వేడెక్కిన నేల మీదికి సముద్రం నుంచి వచ్చిన రుతుపవనం అప్పటికి మబ్బు కమ్మించి, నేలను తడిపేసి ఉంటుంది. ఒరుగు ఒక్కటే అయితే మనకు ఎండకాలం, చలికాలం ఉండేవి. మూడోదైన వానకాలాన్ని నేల, సముద్రం, గాలి కలిసి తెస్తాయి. ఆ గట్టున పెద్దాయన ఏరుతున్న పత్తికి నీళ్లు పోసింది ఆ మూడో కాలమే.