చేతులు చూసి ఇచ్చే సర్టిఫికెట్

ట్యూటర్ మేడమ్ పొట్టకు బెల్టుతో ఒక బొమ్మను కట్టుకుని మంచం మీద వెనక్కి వాలి కూర్చున్నారు. నార్వేలోని లెర్డాల్ సంస్థ తయారుచేసే ఆ బొమ్మ పేరు మామా నాటలీ. లోపలి సంచీలో ఎర్రనీళ్లు ఉంటాయి. క్లిప్పు ఎంత వదిలితే అంత రక్తస్రావం. బిడ్డ బయటికొచ్చింది. ఇక ఎదురుగా నిలబడ్డ స్టాఫ్ నర్సు చేతులు ఏం చేస్తాయన్నదే పరీక్ష.

గుంటూరులో ఒక నర్సింగ్ కళాశాల స్కిల్ ల్యాబ్ ఇది. కాన్పు గదుల్లో పనిచేసే సిస్టర్లకు ఇక్కడ ఒక కోర్సు నడుపుతున్నారు. దానికి గుర్తింపు ఇవ్వవచ్చా లేదా తేల్చడానికి బయటి ఊరి నుంచి ఇద్దరు సీనియర్ నర్సింగ్ అధ్యాపకులు వచ్చారు. వాళ్ల అనుమతితో నేనూ ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

పరీక్ష పద్ధతి ఆస్కీ. 1975లో స్కాట్లండ్‌లోని డండీ నుంచి రొనాల్డ్ హార్డెన్ బృందం దీన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. అంతకు ముందు విద్యార్థికి ఏ రోగి ఎదురైతే ఆ రోగి, ఏ పరీక్షకుడు దొరికితే ఆ పరీక్షకుడు. ఆస్కీలో అందరికీ అదే స్టేషను, అదే సమయం, అదే చెక్‌లిస్టు. బెల్లు కొట్టగానే పక్క స్టేషనుకు వెళ్లాలి. మన దేశంలో 2015లో మొదలైన దక్షత కార్యక్రమం, 2017 నాటి లక్ష్య కార్యక్రమం కాన్పు గది సిబ్బంది నైపుణ్యాన్ని ఈ పద్ధతిలోనే చూస్తున్నాయి.

మంచం దగ్గరి సిస్టర్ రాత్రి డ్యూటీ దిగి నేరుగా బస్సెక్కి వచ్చారు. అయినా చేతుల్లో తడబాటు లేదు. "అమ్మా, ఒక సూది వేస్తున్నాను, భయపడకు" అని చెప్పి మరీ ఆక్సిటోసిన్ 10 యూనిట్లు తొడ కండకు ఇచ్చారు. నిమిషం లోపే. మాయ పడ్డాక గర్భసంచి గట్టిపడిందా అని పొట్ట మీద చెయ్యి వేసి చూశారు. సూదికి మళ్లీ మూత పెట్టకుండా డబ్బాలో పడేశారు. చూస్తున్న నాకు ముచ్చటేసింది.

కానీ ఇంజెక్షన్‌కు ముందు ఆమె పొట్ట తడిమి, లోపల రెండో బిడ్డ లేదని నిర్ధారించుకోలేదు. ఇంకో బిడ్డ ఉండగా ఆ మందు పడితే గర్భసంచి బిగిసిపోతుంది, ఆ బిడ్డకు ప్రాణవాయువు అందదు. ఇక్కడి చెక్‌లిస్టులో అది క్రిటికల్ స్టెప్. మిగతావన్నీ సరిగ్గా చేసినా అదొక్కటి తప్పితే ఫెయిలే.

కోర్సుకు చెందిన ఇద్దరు పరీక్షకులు విడివిడిగా మార్కులు వేశారు. ఒకరు పాస్ అన్నారు, ఒకరు ఫెయిల్ అన్నారు. గుర్తింపు బృందం ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది.

"ఆ అమ్మాయిని నేను ఎరుగుదును మేడమ్. వార్డులో రోజూ చేసే పనే" అన్నారు పాస్ వేసిన ట్యూటర్.

"మీరు ఎరిగింది కాదు, ఇవాళ కనిపించింది రాయాలి కదండీ" అన్నారు బృందంలోని పెద్దావిడ, మెత్తగానే.

ఆ చర్చ చాలాసేపు సాగింది. ల్యాబులో బొమ్మలెన్ని, ట్యూటర్ల అర్హతలేమిటి అన్న లెక్కలు కాసేపట్లోనే ముగిశాయి. గుర్తింపు అంటే ఆ లెక్కలేనని నేను చాలాకాలం అనుకున్నాను. వాళ్లు మాత్రం ఎక్కువసేపు ఫెయిలైనవాళ్ల ఫైళ్లే అడిగారు. ఫెయిలైన సిస్టర్‌కు ఏం లోపం చెప్పారు, మళ్లీ ఎవరు నేర్పారు, రెండోసారి పరీక్ష పెట్టింది వేరే మనిషేనా? ఒక బ్యాచ్‌లో అందరూ పాసయ్యారు. ఆ కాగితాల్లో టిక్కులన్నీ ఒకే వరసలో, ఒకే ఒరవడిలో ఉన్నాయి; సమయం ఎక్కడా రాయలేదు. వాటిని పక్కకు తీసిపెట్టారు. అది చూశాక నాకు ఆ బృందం మీద నమ్మకం కుదిరింది. ప్రసవం తర్వాత ఆగని రక్తస్రావానికి ఇప్పటికీ తల్లులు బలైపోతున్న దేశంలో, ఎవరూ చూడకుండా పెట్టిన టిక్కును చిన్న తప్పుగా నేను తీసుకోలేను.

తప్పు చెప్పగానే ఆ సిస్టర్ ముఖం వాడిపోయింది. సెలవు పెట్టుకుని, ఫీజు సొంతంగా కట్టుకుని వచ్చిన మనిషి. ఇలా నైపుణ్యం పెంచుకునే రోజును డ్యూటీగా లెక్కించని ఆసుపత్రి ఏదైనా సరే, అది అన్యాయం. పైగా ఇది ఒక్కసారితో తీరేది కాదు. సీపీఆర్ లాంటి నైపుణ్యాలు సాధన లేకపోతే నెలల్లోనే సడలుతాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చే బీఎల్ఎస్ (ప్రాథమిక ప్రాణరక్షణ) కార్డుకైనా గడువు 2 ఏళ్లే.

సాయంత్రం బృందం తన మాట చెప్పింది. ప్రస్తుతానికి షరతులతో గుర్తింపు. ఇద్దరు పరీక్షకుల్లో ఒకరు బయటి ఆసుపత్రి నుంచి రావాలి. పక్కన పెట్టిన బ్యాచ్‌కు పరీక్ష మళ్లీ జరగాలి. ఫెయిలైన సిస్టర్‌కు వేరే పరీక్షకుల ముందు ఇంకో అవకాశం.

ఏమైనా అడగాలా అంటే ఆ సిస్టరే లేచారు. "పుట్టిన బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలోనే బ్యాగూ మాస్కుతో ఊపిరి అందించాలని నేర్పారు మేడమ్. మా కాన్పు గదిలో పసిబిడ్డ సైజు మాస్కు లేదు. దేనితో చెయ్యమంటారు?"

వాళ్ల ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు. కోర్సును చూడటం వరకే వాళ్ల పని. ఆ గడి ఉండి తీరాలని నేను గట్టిగా అనుకుంటాను. ఇక్కడ నిగ్గుతేలిన చేతులు రేపు పనిచేసేది అక్కడే కదా. పెద్దావిడ ఫారం వెనక్కి తిప్పి, ఏ ఆసుపత్రో అడిగి రాసుకున్నారు. అది చూసి వెనక వరసలోంచి ఇంకో ముగ్గురు లేచి తమ ఆసుపత్రుల పేర్లు చెప్పారు. అవీ రాసుకున్నారు.