గోస్తని వెంట ఇద్దరు

బాలికో వియత్నాంకో వెళ్లాలంటే విమానం టికెట్ల దగ్గర్నుంచి హోటల్ గది దాకా అన్నీ ఫోన్లోనే సొంతంగా చూసుకునే తెలుగు జంటలు, అరకు అనేసరికి ఒక్కరోజు ప్యాకేజీకి డబ్బు కట్టేస్తారు. పొద్దున రైలు, తర్వాత బస్సు, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, థింసా, బొర్రా గుహలు, రాత్రికల్లా మళ్లీ విశాఖ. భీమిలికి ఇంకో ఆదివారం. అనంతగిరి, బొర్రా, తాటిపూడి, భీమిలి ఒకే నది దారిలో ఉన్నాయని గైడు చెప్పడు. చెప్పే తీరికా ఆయనకు ఉండదు.

ఆ నది పేరు గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి సుమారు 120 కిలోమీటర్లు పారి భీమిలి (భీమునిపట్నం) దగ్గర సముద్రంలో కలుస్తుంది. గోదావరి ముందు ఇదో పిల్లకాలువ. ఇద్దరే తిరగడానికి ఇంత నదే నయం. రెండు మూడు రోజుల తీరిక, కాస్త నడిచే ఓపిక ఉంటే మొదట్నుంచి చివరి దాకా చూడొచ్చు.

విశాఖ నుంచి కొండ ఎక్కడానికి కిరండూల్ ప్యాసింజర్ రైలే మంచిది. 2017లో దీనికి అద్దాల బోగీ తగిలించారు గానీ, ఈ లైను షికార్ల కోసం వేసింది కాదు. బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేశారు. అందుకే ఇప్పటికీ గూడ్సు బండి ఎదురొస్తే ప్యాసింజర్ పక్కకు తప్పుకుని నిలబడాల్సిందే. సొరంగాలు 58 అంటారు. లెక్కపెడతామని పందెం కట్టిన జంటలు సగం దారిలోనే లెక్క తప్పుతుంటారు. ప్రతి సొరంగంలోనూ పక్క బోగీ కుర్రాళ్లు వేసే కేకలకు ఎంతటివాళ్లకైనా అంకెలు గుర్తుండవు.

అనంతగిరి, సుంకరిమెట్ట చుట్టూ కాఫీ తోటలు. నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, కింద నడుమెత్తున కాఫీ మొక్కలు. ఎర్రగా పండిన కాయను నొక్కితే తొక్క జారి, జిగురు పట్టిన రెండు గింజలు బయటపడతాయి. ఆ జిగురు నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంటుంది. కాఫీ వాసన మచ్చుకైనా ఉండదు. ఈ కొండల గింజకు 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం తెరిచారు. ఇక్కడ రోడ్డు పక్కన కాగితం గ్లాసులో పోసిచ్చే కాఫీ మాత్రం రోజును బట్టి ఉంటుంది.

బొర్రా దగ్గర గోస్తని నేల కిందికి దిగుతుంది. సున్నపురాయిని నీరు యుగాల తరబడి కరిగించగా ఏర్పడిన గుహలివి. పైనుంచి కారిన చుక్కచుక్కా మళ్లీ రాయై వేలాడుతూ కనిపిస్తుంది. కొండ మీద మేస్తున్న ఆవు కన్నంలోంచి లోపల పడిందనీ, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనబడిందనీ చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకుంటారు. పర్యాటక పుస్తకాల్లో ఇంకో కథ. జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ 1807లో ఈ గుహలను కనుగొన్నాడని ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారు. ఆ సర్వే పుట్టిందే 1851లో! ఈ రెంటిలో ఆవు కథే కాస్త నమ్మేలా ఉంది.

గుహల్లో రంగుల దీపాల కింద ఫొటోలు దిగేవారిలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇదే బొర్రా పరిసరాల్లో గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమినైనా గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దేశమంతటా ఆదివాసీల భూమి కేసుల్లో నేటికీ సమత తీర్పు ప్రస్తావన వస్తుంది. గుహల ముందు దీని గురించి పెద్ద బోర్డు పెడితే బాగుండును.

గుహ మెట్లెక్కి వచ్చేసరికి ఆకలి వేస్తుంది. బయట బొంగు చికెన్ పొయ్యిలు వరసగా ఉంటాయి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకు బిగించి, మంటలో తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె వెయ్యరు. బొంగు నల్లబడ్డాక ఆకు లాగి వంచితే ముక్కలు ఆవిరితో సహా విస్తట్లోకి జారతాయి. అక్కడే జీపులవాళ్లు పిలుస్తారు: "కటికి జలపాతం, సార్! రండి మేడమ్!" ఆయన ఎక్కబోతాడు. "ఏవండీ, రేటెంతో ముందు తేల్చండి," అంటుంది ఆవిడ. బేరం ఆవిడకే వదిలేయడం మేలు.

కొండ దిగితే విజయనగరం జిల్లా. తాటిపూడి దగ్గర 1960ల్లో గోస్తనికి ఆనకట్ట కట్టారు. ఈ నీళ్లు కొన్ని పొలాలకు, కొన్ని విశాఖ కుళాయిలకు వెళ్తాయి. విశాఖ నుంచి బయల్దేరిన జంట ఇంట్లో తాగే నీళ్ల మూలాన్నే చూడ్డానికి ఇంత దూరం వచ్చిందన్నమాట.

జామి దాటి పద్మనాభం. ఈస్టిండియా కంపెనీ అడిగిన బకాయిలు కట్టలేక, వాళ్లు పొమ్మన్న మచిలీపట్నానికి పోనని మొండికేసిన విజయనగరం రాజు చిన విజయరామరాజు 1794 జూలై 10న ఇక్కడే పోరాడి చనిపోయాడు. కొండమీద అనంత పద్మనాభస్వామి గుడి. మెట్లు వెయ్యికి పైనే. మోకాళ్లు సహకరించనివాళ్లు కింద కుంతీమాధవస్వామి దర్శనంతో సరిపెట్టుకోవచ్చు.

భీమిలిలో నది సముద్రంలో కలిసేచోటు చూడాలంటే బీచిలో విగ్రహాల దగ్గర ఆగిపోకుండా మత్స్యకారుల పడవల వైపు నడవాలి. ఊళ్లోకి వస్తే డచ్చివారి సమాధులున్నాయి. పదిహేడో శతాబ్దంలో వర్తకానికి వచ్చినవాళ్లు 1825లో ఊరిని ఇంగ్లీషువారికి అప్పగించి పోయారు. 1861లోనే ఇక్కడ మున్సిపాలిటీ ఏర్పడింది. విశాఖకు సముద్రం పక్కగానే సిటీ బస్సు. పొద్దుంటే దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగొచ్చు గానీ, ఆ వంకలన్నీ ఒక్కలాగే ఉంటాయి, చీకటి పడితే దారి తెలీదు. సాయంత్రం ఐదు లోపే వెళ్లాలి.