నైరుతిలో ట్యాంకు

మార్చి 9, 2025, ఆదివారం

పొద్దున ఆరున్నరకి విప్పిన మిషన్ భగీరథ నల్లా ఏడు కాకముందే బుసకొట్టి ఆగిపోయింది. పన్నెండు బిందెలు. బిందెకి పదిహేను లీటర్లేసుకుంటే నూట ఎనభై. పల్లెలో మనిషికి రోజుకి 100 లీటర్లని పథకం లెక్క. మున్సిపాలిటీలో 135, కార్పొరేషన్‌లో 150. ఊరు చిన్నదైతే ఒళ్ళు రుద్దుకునే అవసరం కూడా చిన్నదవుతుంది కాబోలు. ఇంట్లో నేనూ అత్తమ్మా ఇద్దరమే కాబట్టి ఇవాళ ఇరవై లీటర్లు బాకీ.

ఊరి ట్యాంకులోకి నీళ్ళెక్కాలంటే కరెంటుండాలి. రాత్రి గాలికి అడవిలో టేకు కొమ్మ విరిగి తీగల మీద పడిందట. పాల్వంచ–భద్రాచలం రోడ్డు దిగి ఇంత లోపలికి వచ్చి కాపురం పెట్టినవాళ్ళకి ఇది కొత్త కాదు. చెట్టు కూలితే కరెంటు పోతుంది, కరెంటు పోతే నల్లా పోతుంది. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులెక్కి ఊళ్ళని ముంచింది. అదే గోదావరి నీళ్ళ కోసం ఇవాళ బిందె పట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రం ఖమ్మం నుంచి తమ్ముడు ఫోను. "అక్కా, మిద్దె మీద సోలార్ పెట్టించు. ఇక కరెంటు పోతే నీకేంటి?" ఆ మాట పట్టుకుని రాత్రంతా లెక్కలేశాను.

మార్చి 12, బుధవారం

ముందు బోరు సంగతి కనుక్కుందామని పంచాయతీకి వెళ్ళాను. వాల్టా చట్టం (2002 నాటిది, భూమి, నీళ్ళు, చెట్లు మూడూ అందులోనే) ప్రకారం ఇంట్లో బోరుకైనా అనుమతి కావాలి. తాగునీటి సర్కారు బోరుకి 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదు. వచ్చేటప్పుడు అడుగులేస్తూ లెక్కపెట్టుకున్నాను. బడి దగ్గరి పంచాయతీ బోరు నుంచి మా గేటుకి నూట పది అడుగులు. బోరు ముచ్చట అక్కడితో సరి. నల్లాకి మోటారు బిగించి లాగేవాళ్ళు వీధిలో ఇద్దరున్నారు. అదీ తప్పేనని వాళ్ళకీ తెలుసు. కరెంటున్న రోజుల్లో వాళ్ళు లాగినా మా నల్లా బుసకొడుతుంది.

ఏప్రిల్ 7, సోమవారం

నిన్న శ్రీరామనవమి. కల్యాణం టీవీలోనే చూశాం. అత్తమ్మ ఎండకి కదలలేకపోయింది.

పండక్కొచ్చిన మరిది కొడుకు ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్‌లో దరఖాస్తు మొదలుపెట్టించాడు. సబ్సిడీ కిలోవాట్‌కి 30,000 చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడోదానికి 18,000, అంతా కలిపి 78,000 మించదు. మాకు రెండు చాలు. నెలకి అటూ ఇటూగా 240 యూనిట్లు వస్తాయి, రెండొందల చదరపు అడుగుల మిద్దె కావాలి. పది కిలోవాట్ల లోపు అయితే సాధ్యాసాధ్యాల పరిశీలన లేకుండానే ఒప్పుకోవాలని 2024 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధన మార్చింది. డబ్బు మాత్రం ముందు మనమే పెట్టాలి. బిగించి, తనిఖీ చేసి, నెట్ మీటరు పెట్టాకే సబ్సిడీ ఖాతాలో పడుతుంది. పలకలే కాదు, వాటి లోపలి సెల్స్ కూడా మన దేశంలో చేసినవే అయ్యుండాలి.

నేను భయపడింది ఇంటి కాగితాలకి. ఇది వన్ ఆఫ్ సెవెంటీ చట్టం కిందున్న నేల. గిరిజనేతరులకి ఇక్కడ రిజిస్ట్రేషన్లు కావు. మాకున్నది ఇంటిపన్ను రసీదులే. కానీ దరఖాస్తు అడిగింది కరెంటు సర్వీసు నంబరు. కొట్టగానే తెర మీద మామయ్య పేరు వచ్చింది. ఆయన పోయి పదకొండేళ్ళు.

తప్పు మాదే, పేరు మార్పించుకోలేదు. ప్రతి నెలా ఆ పేరు మీదే బిల్లు కట్టుకుంటూ వచ్చాం.

ఏప్రిల్ 12, శనివారం

పేరు మార్పుకి మరణ ధ్రువపత్రం, వారసుల ఒప్పుకోలు, నోటరీ. మరిది హైదరాబాద్ నుంచి సంతకం పంపాడు. ఒప్పుకోనిది అత్తమ్మే. "రేషన్ కార్డులోంచి తీసేశారు, ఓటర్ల లిస్టులోంచి తీసేశారు. ఆ బిల్లు మీదన్నా ఉండనియ్యవే."

మధ్యాహ్నం నిద్ర లేచాక ఆవిడే అంది: "మార్చేదైతే నా పేరుకి మార్చు." ఎనభై రెండేళ్ళ వయసులో ఆవిడ పేరు మీద మొదటిసారి ఒక మీటరు.

పక్కింటి సుగుణకి ఇదంతా వినోదం. తెల్లకార్డు, 200 యూనిట్ల లోపు వాడకం, గృహజ్యోతి జీరో బిల్లు. "ఉట్టిగా వచ్చేదాన్ని వదిలి ఎండని కొంటారా టీచరమ్మా?" ఆమె లెక్క ఆమెకి సరిగ్గానే ఉంది. పెన్షన్ ఉన్న నాకు తెల్లకార్డు లేదు. ఇద్దరికీ ఒకే ఎండ, బిల్లు మాత్రం నాకే.

మే 20, మంగళవారం

అంగన్‌వాడీలో పనిచేస్తున్న నా పాత విద్యార్థిని పిలిస్తే గుత్తికోయల గుంపుకి వెళ్ళాను. బండి ఆపి వాగు దాటి నడవాలి. 2005 తర్వాత బస్తర్‌లో ఉండలేక ఇటు వచ్చినవాళ్ళు. కరెంటు స్తంభం అడవి అంచునే ఆగిపోయింది.

గుంపు మధ్యలో ఒక ఇనుప స్టాండు, దాని మీద సోలార్ పలకలు, పక్కన ట్యాంకు. ఎండెక్కగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, మబ్బు కమ్మితే నెమ్మదిస్తుంది. ఎవరూ స్విచ్చి వేయరు. పిల్లలు నల్లా కింద తలలు పెట్టి తడుస్తున్నారు. మా ఇంట్లో పొద్దున రాని నీళ్ళు!

అడవిలో ఇలాంటి పనులకి అటవీ హక్కుల చట్టం, 2006లో దారుంది. మూడో సెక్షన్, రెండో భాగం. బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులు, కరెంటు తీగలు, సంప్రదాయేతర ఇంధనం లాంటి పదమూడు పనులకి గ్రామసభ సిఫారసు చేస్తే అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికీ హెక్టారు మించకూడదు, హెక్టారుకి 75 చెట్ల కంటే ఎక్కువ కొట్టకూడదు. బడిలో ఇన్నేళ్ళు సాంఘికం చెప్పాను కానీ, ఈ సెక్షన్ ఇంటికెళ్ళి వెతుక్కుని చదివాను.

నిన్ననే నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ముఖ్యమంత్రి ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. 12,600 కోట్లతో ఆరు లక్షల ఎకరాల పోడుకి సోలార్ పంపులు. గుంపులో పేపరు చదివి వినిపించాను. ఒక పెద్దాయన అడిగిందొక్కటే, "పట్టా ఉన్నోళ్ళకేనా?" అవునన్నాను. ఇప్పపూలు ఒక దోసెడు నా సంచిలో పోసి లేచాడు.

జూన్ 14, శనివారం

తమ్ముడి మాట తప్పని ఇవాళ తేలింది. కొలతలకి వచ్చిన కుర్రాణ్ణి మాటవరసకి అడిగాను: కరెంటు పోయినప్పుడు ఈ సోలార్‌తో మా సంపు మోటారు తిరుగుతుంది కదా? తిరగదట. లైన్‌లో కరెంటు లేకపోతే ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది, అలా ఆగాలనే రూలు. లేకపోతే మా మిద్దె మీద పుట్టిన కరెంటు తీగలోకి ఎదురెక్కి, స్తంభం మీదున్న లైన్‌మన్‌కి కొడుతుంది. బ్యాటరీల రకం వేరే ఉంది, దాని ధర కూడా వేరే.

కోపమొచ్చింది. గుంపులో తీగ లేదు కనుక ఎండ ఉంటే నీళ్ళొస్తాయి. మాకు తీగ ఉంది కనుక నడినెత్తిన సూర్యుడున్నా రావు. రాత్రి పడుకుని ఆలోచిస్తే, స్తంభమెక్కే మనిషి ప్రాణం ముందు నా మోటారు ఎంతనిపించింది. నీళ్ళకి కావలసింది పలకలు కాదు, పెద్ద ట్యాంకు. కరెంటున్నప్పుడు సంపులోంచి నింపి పెట్టుకుంటే అదే నా బ్యాటరీ. పలకలు బిల్లు కోసమే. ఈ రెంటినీ కలిపి మూడు నెలలు మోశాను.

జూన్ 18, బుధవారం

వెయ్యి లీటర్ల ట్యాంకు వచ్చింది. మేస్త్రి నైరుతిలోనే పెడతానన్నాడు. సోలార్ కుర్రాడు వద్దంటాడు: మధ్యాహ్నం దాటితే దాని నీడ పలకల మీద పడుతుంది, ఒక్క పలక మీద పడ్డా మిగతావీ తగ్గుతాయి. గంటన్నర వాదన. అత్తమ్మ కిందినుంచి మేస్త్రికే ఓటేసింది.

చివరికి కుర్రాడే తేల్చాడు. స్టాండు ఎత్తు పెంచి, పలకల్ని ట్యాంకు మీదికే కప్పులా వేస్తాడు. మేస్త్రి తెగ సంతోషించాడు. "నైరుతి ఎంత బరువైతే అంత మంచిదమ్మా!" నాకు కలిసొచ్చింది ఇంకోటుంది. మే నెలలో మా పాత ట్యాంకు నీళ్ళతో చెయ్యి కాలేది. ఇక నీడ పట్టున ఉంటాయి. స్టాండు ఖర్చు పెరిగింది, రాయను.

జూలై 19, శనివారం

నెట్ మీటరు పెట్టి వారం. బిల్లు మీద అత్తమ్మ పేరు. ఆవిడ పాత బిల్లుల కట్ట పెట్టెలో దాచుకుంది.

మధ్యాహ్నం రెండింటికి గాలీ వానా, కరెంటు పోయింది. మూడింటికల్లా ఎండ పేల్చింది. మిద్దె మీద పలకలు కడిగినట్టు మెరుస్తున్నాయి, ఇన్వర్టర్ మీద ఎర్రలైటు. గోడ వెనక స్తంభమెక్కిన లైన్‌మన్ కుర్రాడు దిగొచ్చి, "మీది సోలార్ కదమ్మా, ఆగిందా?" అని ముందే అడిగాడు. చూపించాను. ట్యాంకు నల్లా విప్పుకుని మొహం కడుక్కున్నాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయన్నాడు.

నాలుగూ పదికి ఫ్యాను తిరిగింది. ఇన్వర్టర్ వెంటనే లేవదు, లైను నిలకడగా ఉందో లేదో ఐదు నిమిషాలు చూసుకుంటుంది. 300, 299, 298... అత్తమ్మ కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుంది.