వంటశాల చూచి చేర్చిన కళాశాల

పిల్లలకు కళాశాలను ఎన్నుకొనే వేళ తల్లిదండ్రులు విచారించే విషయాలు మన టౌన్‌షిప్‌లో అందరికీ తెలిసినవే. వచ్చిన ర్యాంకుకు ఏ శాఖలో సీటు దొరుకుతుంది, అధ్యాపకులు ఎటువంటివారు, ప్రయోగశాలలు సక్రమంగా ఉన్నాయా, చదువు ముగిసేసరికి ఉద్యోగం చేతికి అందుతుందా - ఈ నాలుగింటికి తృప్తికరమైన సమాధానాలు లభిస్తే ఫీజు చెల్లించి తిరిగి వచ్చేస్తాము. 2018లో మా అమ్మాయిని ఇంజనీరింగులో చేర్చినప్పుడు మేము దంపతులము చేసినదీ అదే. హాస్టలు భోజనం గురించి మేము అడిగిన ప్రశ్న ఒక్కటే: "శాకాహారమేనా?" "పూర్తిగా శాకాహారమేనండీ" అన్నారు. ఆ మాటతో మనసు కుదుటపడి రైలెక్కాము.

మరుసటి సంవత్సరం వేసవి సెలవులకు ఇంటికి వచ్చిన అమ్మాయి, ఇకమీదట పాలు, పెరుగు, నెయ్యి, పనీరు, తేనె ఏవీ ముట్టనని ప్రకటించింది. "దూడను పక్కకు లాగి పిండిన పాలు నాకు వద్దు నాన్నగారూ" అన్నది. ఇటువంటి నియమానికి వీగన్ అని పేరట. 1944లో ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్ అనే ఆయన కొందరు మిత్రులతో కలిసి ఒక సంఘాన్ని స్థాపించి ఆ పేరును వాడుకలోకి తెచ్చాడని ఆమె వలననే విన్నాము. పెరుగన్నంతో ముగియని భోజనం భోజనమే కాదని నమ్మిన ఇల్లు మాది. మొదట కోప్పడ్డాము, పిదప, నాలుగు రోజుల ముచ్చటేలే అని సరిపెట్టుకొన్నాము.

2020 సంక్రాంతికి వచ్చినప్పుడు ఆమెను చూచి నిర్ఘాంతపోయాము. మనిషి సగమైంది. అరికాళ్ళలో తిమ్మిరులని, మెట్లెక్కితే ఆయాసమని చెప్పింది. మన ఆసుపత్రి వైద్యులు రక్తపరీక్ష చేయించి బి-12 విటమిన్ బాగా తగ్గిందన్నారు. ఈ విటమిన్‌ను తయారుచేసేవి సూక్ష్మజీవులు. ధాన్యాలలో, పప్పులలో, కూరగాయలలో అది దొరకదు. శాకాహారులకు ప్రధానంగా పాలు, పెరుగుల ద్వారానే అందుతుంది. పుట్టుకతో శాకాహారి గనుక నిల్వలు అసలే తక్కువ. ఆపైన పాలు కూడా మానింది. మందు సులభమే, మాత్రలు వాడితే చాలునన్నారు. కాని "అమ్మాయి హాస్టలులో ఏం తింటోంది?" అని ఆయన అడిగితే మా ఇద్దరిలో ఎవరికీ నోట మాట రాలేదు.

అప్పుడు కూర్చుండబెట్టి అడిగాము. ఉదయం ఉప్మాలో నెయ్యి, చపాతీపైన నెయ్యి, కూర పనీరుతో, పప్పు నీళ్ళ పప్పు, అదీ నేతి తాలింపుతో. మిగిలినవి అన్నం, ఆవకాయ, అరటిపండు. ఆరునెలలు వాటితోనే గడిపింది. ప్రతి రాత్రి ఫోనులో "తిన్నావా?" అంటే "తిన్నాను" అనేది. అది అబద్ధమూ కాదు. మేము అడిగిన ప్రశ్నలోనే లోపమున్నది. మన హాస్టళ్ళ శాకాహార భోజనంలో మాంసకృత్తులను చాలామటుకు పాలు, పెరుగు, పనీరులకే అప్పగించి, పప్పును పలుచన చేస్తూ వచ్చారు. ఆ మూడింటినీ తీసివేస్తే విస్తరిలో మిగిలేది పిండిపదార్థమే.

ఆ మార్చిలో కరోనా మూలంగా కళాశాలలు మూతబడి అమ్మాయి ఇంటికి చేరింది. మా శ్రీమతి పంతం విడిచి ప్రయోగాలు ప్రారంభించింది. గోంగూర పప్పు, పెసరట్టు, పులిహోర, కంది పచ్చడి, మీగడ కలపని ఉలవచారు - వీటిలో వేటికీ పాలచుక్కతో పని లేదని ఇరవై అయిదేళ్ళు వండిన తరువాత గమనించామని నవ్వుకొన్నాము. వేరుశెనగ పాలను తోడుపెట్టిన పెరుగు మూడవ ప్రయత్నానికి కుదిరింది. అమ్మాయి కోలుకొన్నది.

2022లో పి.జి. సీటు కోసం వెదకవలసి వచ్చినప్పుడు మా జాబితాలో మొదటి అంశం వంటశాల అయింది. సహోద్యోగి ఒకరి కుమారుడు అమెరికాలో డెంటన్ నగరంలోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్‌లో చదివాడు. పాల వస్తువు మొదలుకొని ఏ జంతుసంబంధమైన పదార్థమూ వాడని భోజనశాలను ఆ విశ్వవిద్యాలయం 'మీన్ గ్రీన్స్' అనే పేరుతో 2011లోనే తెరిచిందని చెప్పాడు. పశువుల మందలకు పేరుపడిన టెక్సాస్‌లో అది నడుస్తున్నదంటే ఆశ్చర్యపోయాము. అక్కడి భోజనశాలలలో వంటకం పక్కన, అందులో పాలున్నవా, గింజలున్నవా అని తెలిపే చీటీ ఉంటుందట. అంత దూరం పంపే ఆర్థికశక్తి మాకు లేదు. కాని ఆ చీటీ సంగతి మనసులో నిలిచిపోయింది.

జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 55 కిలోల మా అమ్మాయికి దాదాపు 46 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములుంటాయి. ఇంజనీరు బుద్ధి ఊరుకొనదు గదా! కళాశాలకు వెళ్ళినచోటల్లా రెండే ప్రశ్నలు వేయాలని నిశ్చయించుకొన్నాము. తాలింపు దేనితో పెడతారు? రోజుకు స్టోరు నుండి ఎన్ని కిలోల పప్పు తీస్తారు, ఎందరు తింటారు?

మొదటి కళాశాలలో భోజనశాల అద్దంలా మెరుస్తున్నది. మెనూ రంగుల కాగితంపై అచ్చువేసి ఇచ్చారు. వంటశాలలోనికి మాత్రం రానివ్వలేదు. రెండవచోట "వీగన్‌కు సలాడ్ ఉందండీ" అన్నారు. అయిదు వందలమందికి పన్నెండు కిలోల పప్పు. తలకు 24 గ్రాములు; అంటే మాంసకృత్తులు అయిదు గ్రాములు. మూడవది పేరులోనూ ర్యాంకులోనూ ఆ రెండింటికన్న వెనుకబడినది. గోడలు పెచ్చులూడి ఉన్నవి. అక్కడి వంటమాస్టరు మమ్మల్ని పొయ్యిదాకా తీసుకొనిపోయాడు. "తాలింపు నూనెతోనే సార్. నెయ్యి గిన్నె బల్లమీద వేరుగా పెడతాం, కావలసినవాళ్ళు వేసుకుంటారు. మునుపొక పిల్లవాడికి పాలు పడేవి కావు, అప్పట్నుంచీ ఇదే అలవాటు" అన్నాడు. నాలుగు వందలమందికి ముప్ఫై కిలోల పప్పు. తలకు 75 గ్రాములు. సాయంత్రం ఉడికించిన శనగలు, వారానికి రెండుసార్లు మీల్ మేకరు కూర. అన్నం, గోధుమలలో ఉన్నదీ కలుపుకొంటే లెక్క సరిపోయింది.

అమ్మాయి ఆ కళాశాలనే కోరుకొన్నది. మేము వారం రోజులు తర్జనభర్జన పడ్డాము. "పప్పు చూచి సీటు తీసుకొంటారా?" అని మిత్రులు ఆటపట్టించారు. చివరకు అక్కడే చేర్చాము. నిజం చెప్పవలెనంటే, 2024లో చదువు ముగిసిన తరువాత ఆమెకు ఉద్యోగం రావడానికి ఏడు నెలలు పట్టింది. మొదటి కళాశాలలో అయితే ముందే వచ్చి ఉండేదేమో. కాని ఆ రెండేళ్ళూ ఆమె రక్తపరీక్షలు సవ్యంగా ఉన్నవి. ఫోనులో "ఏం తిన్నావు?" అని అడిగితే వరుసగా చెప్పేది.

ఇక ఒక ఒప్పుకోలు మిగిలి ఉన్నది. చాలా ఏళ్ళ క్రితం మేము కొందరము మన క్యాంటీను కమిటీలో సభ్యులుగా ఉన్నాము. వెల్లుల్లి తినని జైన సహోద్యోగి ఒకరు, తాలింపునకు ముందే ఒక గిన్నెడు పప్పు తీసి పక్కన పెట్టించమని అర్జీ ఇచ్చారు. "ఒక్కరికోసం సాధ్యము కాదు" అని మినిట్సులో వ్రాసి సంతకాలు చేశాము. ఆయన పదకొండేళ్ళు ఇంటినుండి క్యారియరు తెచ్చుకొని, పదవీ విరమణ చేసి వెళ్ళిపోయారు. నిరుడు అదే ప్రతిపాదనను మేమే మళ్ళీ కమిటీ ముందు పెట్టాము. ఇప్పుడు రోజూ ఒక గిన్నె పప్పు తాలింపునకు ముందే వేరు చేస్తున్నారు. కావలసినది ఒక గిన్నె, ఒక గరిటె, రెండు నిమిషాల వ్యవధి. ఆయనకు ఆ సంగతి జాబు వ్రాశాము. "సంతోషం" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

2022లో మన ఆహార ప్రమాణాల సంస్థ వీగన్ ఆహారాలకు ప్రత్యేక నిబంధనలను వెలువరించింది. పొట్లాలపై గుర్తు వచ్చినది గాని, హాస్టలు గంగాళానికి ఏ గుర్తూ ఉండదు. దానిని మనమే అడిగి తెలుసుకొనవలెను. ఈ వేసవిలో పిల్లలతో కౌన్సెలింగుకు బయలుదేరే మిత్రులు, వారు ఏ ఆహారనియమము పాటించేవారైనా సరే, ఫీజు కట్టే ముందు ఒక్కసారి వంటశాల గడప దాటి, ఆనాటి పప్పు ఎన్ని కిలోలో విచారించవలసినదిగా మనవి.