చాంద్ అసలు రంగు

ఉర్దూ మీడియంలో వాటిని ‘బాలాయె బనఫ్షీ షుఆయే’ అని చదివాను. డిగ్రీకొచ్చాక తెలుగులో ‘అతినీలలోహిత కిరణాలు’ అన్నారు. రెండు పేర్లకూ నోరు తిరగదు. సంగతి మాత్రం ఒకటే: ఊదారంగుకు అవతల, మన నజర్‌కు అందని రోష్నీ.

ఆ రోష్నీని చాంద్ మట్టి మీద వేసి కొలిచారు. 1969 నుంచి 1972 దాకా అపోలో ముసాఫిర్లు తెచ్చిన 382 కిలోల రాళ్లూ మట్టీ ఉన్నాయి కదా, అందులోంచి కాస్త తీసి. మరీ పొట్టి అలల షుఆలను గాలి మింగేస్తుంది. అందుకే గాలంతా తోడేసిన పెట్టెలో పెట్టి కొలవాలి.

మామూలు వెలుతురులో చాంద్ కొండప్రాంతాల మట్టి తెల్లగా, మైదానాల మట్టి నల్లగా ఉంటుంది. మన నానీలు ‘దాగ్’ అని చూపించేది ఆ మైదానాలనే. ఈ షుఆల్లో మాత్రం ఉల్టా అయ్యింది! దాగ్ మట్టే కాస్త ఎక్కువ మెరిసింది. కొంచెమే, కానీ పక్కాగా. 1972లో అపోలో 17 పైనుంచి తిరుగుతూ చూసిందీ ఇదే. మామూలు వెలుతురు రేణువు లోపలికి దూరి, తిరిగి బయటికొస్తుంది. దారిలో ఇనుము దాన్ని తినేస్తుంది. ఈ షుఆలు లోపలికి పోవు, పైపొర మీదే తగిలి వెనక్కొస్తాయి. అలా వెనక్కి కొట్టడంలో ఇనుము, టైటానియం ఎక్కువున్న మట్టిదే పైచేయి.

ఇది చదువుతున్న రోజుల్లోనే మా ఆపా బిడ్డకు ఒక రిష్తా వచ్చింది. “లడ్కీ అచ్ఛీచ్ హై, రంగ్ జరా దబ్తా హై. హమారే బచ్చే కూ చాంద్ జైసీ దుల్హన్ హోనా” అన్నారు ఆ పెద్దావిడ, పిల్ల వినేలాగానే. నేనూరుకోలేదు. “ఖాలా, చాంద్ మీద పడే ఎండలో నూటికి పన్నెండు పాళ్లే తిరిగొస్తుంది. దాని అసలు రంగు పాత తారురోడ్డు రంగు” అన్నాను. ఆమె నవ్వి, “అఖ్బార్ వాలే హైఁ నా” అంటూ చాయ్ తాగేసి లేచారు. ఆపా నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

పిల్ల మాత్రం అదే రాత్రి అడిగింది: “మామూ, చాంద్ మీద ఎండ ఎప్పుడూ పడని గుంతలున్నాయంట కదా, వాటిలోకి ఎట్లా చూస్తారు?”

2009లో నాసా పంపిన ఎల్ఆర్ఓలో అందుకే ఒక యంత్రం ఉందని చెప్పాను. సితారాల నుంచి, అంతరిక్షంలోని హైడ్రోజన్ నుంచి వచ్చే ఈ బనఫ్షీ మసక వెలుగుతోనే అది గుంతల అడుగు చూస్తుంది. నీటి మంచు ఆ పొట్టి షుఆలను మింగేస్తుంది కాబట్టి, మన కంటికి తెల్లగా ఉండాల్సిన మంచు దానికి నల్లగా కనబడుతుంది.

“తెల్లదే నల్లగానా?” అని ఫోన్ లాక్కుని తనే వెతకడం మొదలుపెట్టింది.