ఎలుకకు వేసే విస్తరి

ఎలుకను తుదముట్టించదలచినవాడు ముందుగా దానికి మూడు నాలుగు రాత్రులు విందు చేయవలసి ఉంటుంది. విషం కలపని నూకలు, పైన నాలుగు చుక్కల నూనె. ఒకే చోట, ఒకే పాత్రలో. ఈ ఓపిక లేకనే మన ఇళ్ళలో ఎలుకల మందుకు వెచ్చించే డబ్బు చాలావరకు వృథా పోతున్నదని నా అభిప్రాయం.

ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. నిన్న లేని ఇటుక ముక్క నేడు దారిలో కనిపించినా అది చుట్టు తిరిగిపోతుంది. కొత్త తిండి ఎదురైతే రవ్వంత కొరికి చూస్తుంది. ఒకసారి మింగినదాన్ని వాంతి చేసుకోగల శక్తి దానికి ప్రకృతి ఇవ్వలేదు. అందుకే కాబోలు ఇంత జాగ్రత్త! రుచి చూసిన కొద్దిసేపటికే ఒంట్లో నలతగా ఉంటే, ఆ తిండి జోలికి మళ్ళీ పోదు. జింకు ఫాస్ఫైడు వంటి నల్లని పొడి గంటలలో పనిచేస్తుంది కనుక, చాలినంత తినక బ్రతికి బయటపడిన ఎలుక ఆ వాసనను మరచిపోదు.

ఈ చిక్కుకు విరుగుడు ఒక ఆవు చావులో దొరికింది. 1933లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకడు చచ్చిన ఆవునూ, గడ్డకట్టని దాని రక్తాన్నీ, అది మేసిన బూజుపట్టిన గడ్డినీ మోసుకొని విశ్వవిద్యాలయానికి వచ్చాడు. కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి శ్రమించి, ఆ గడ్డిలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థాన్ని వేరుచేశాడు. దాని నుంచి పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అంగడికెక్కింది. 1955లో గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు వైద్యులు ఇచ్చినదీ ఆ మందే. ఇది నిదానంగా పనిచేస్తుంది. రోజులు గడిచాక గాని జబ్బు తెలియదు గనుక, తిండికీ చావుకూ ఉన్న సంబంధం ఎలుకకు అంతుపట్టదు. ఇప్పుడు మనకు దొరికే బ్రోమాడియొలోన్ బిళ్ళలు ఈ వంశంలోనివే.

అనువాదకుడికి ఎలుకలతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. సూరత్‌లో లింబాయత్, ఉధనా ప్రాంతాలలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడా నడుపుతున్నది. అటువంటి ఒక వాడకోసం ఎలుకల నివారణపై ఒక ఇంగ్లీషు కరపత్రాన్ని తెలుగు చేసిపెట్టమని నన్ను అడిగారు. మొదటి పంక్తిలోనే బండి ఆగిపోయింది. ‘బెయిట్ స్టేషన్’ అన్నారు. ఎర కేంద్రం అందామా? గ్రంథాలయ శాఖలా ఉన్నది. ఎర స్థానం? జ్యోతిషంలోకి దిగింది. ఒక వృద్ధ నేతకార్మికుడి ముందు నా అవస్థ చెప్పుకుంటే ఆయన నవ్వి, “స్టేషనంటే కాజీపేట యాదికొస్తది సారూ. ఎలుకల పెట్టె అని రాయుండ్రి, అందరికి సమజైతది” అన్నాడు. ఇంగ్లీషు సాహిత్యం చదివిన నాకు తట్టని మాట అది!

ఆ కరపత్రంలో సగం అమెరికా పెరళ్ళ గురించే. అక్కడ ర్యాకూన్ అనే జంతువు ఒకటున్నది. కళ్ళకు నల్లని గంతలు కట్టుకున్నట్టుండే ఆ జీవికి ముంగాళ్ళు చేతులవలె పనిచేస్తాయి. ఇరుకు సందులో చేయి దూర్చి వెదకడం దాని అలవాటు. అక్కడివారు గొట్టం అడుగున తీపి తినుబండారం వేసి, చేయి పెట్టగానే పట్టుకునే బోనులు తయారుచేస్తారు. కుక్క మూతి అందులోకి పోదు. మన ఎలుకకు చేతుల కన్నా మీసాలు ముఖ్యం. గోడను మీసాలతో తాకుతూ చీకటిలో దారి తీస్తుంది. అందువల్ల దాని విస్తరిని నట్టింట వేస్తే ప్రయోజనం లేదు, గోడవారనే వేయాలి. ర్యాకూన్ పేరాలను నేను కొట్టివేశాను, కాని గొట్టం మాత్రం మనసులో నిలిచింది.

ఎందుకంటే, ఆ వాడలో పెట్టె అన్నది సౌకర్యం కాదు, అవసరం. పదడుగుల గది, అందులోనే వంట, అందులోనే పడక, నేలమీద పాకే పిల్లలు. కిందటి వానాకాలంలో ఒక ఇల్లాలు జింకు ఫాస్ఫైడును పిండిలో కలిపి, ఉండలు చేసి తలుపు మూల పెట్టింది. పక్క గదిలోని మూడేళ్ళ పిల్లవాడు ఒక ఉండను చేతిలోకి తీసుకొని నోటిదాకా తెచ్చాడు. నాయనమ్మ చూసి చేతిమీద కొట్టింది కాబట్టి సరిపోయింది. ఆ పొడి కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువును పుట్టిస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. బ్రోమాడియొలోన్‌కు కె1 విటమిన్ విరుగుడుగా ఉన్నది. అయినా ఏ మందు మింగినా, మింగారన్న అనుమానం కలిగినా, ఆ మందు పొట్లంతో సహా ఆసుపత్రికి పరుగెత్తవలసిందే.

పెట్టె చేసినది ఆ వృద్ధుడే. నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టం ముక్కలు, మూడు నోళ్ళున్న ఒక అతుకు, ఒక మూత. అతుకుకు రెండు పక్కలా మూరెడేసి గొట్టం, పైకి జానెడు. నిలువు గొట్టంలోంచి ఎర వేసి మూత బిగిస్తారు. మూడేళ్ళ పిల్లవాడి చేయి మూరెడు పొడవుండదు గనుక ఏ నోటినుంచి పెట్టినా మధ్యనున్న మందు అందదు. గొట్టం ఇంత లావెందుకని నేనడిగితే, “చిట్టెలుకకైతే ఎక్కువే. పందికొక్కు పట్టద్దా?” అని ఎదురు ప్రశ్న వేశాడు. రెండువైపులా దారి ఉండాలి. ఒకే నోరుంటే ఎలుక లోపలికి పోవడానికి జంకుతుంది. బిళ్ళల నడుమ తీగ గుచ్చి లోపల కట్టివేయాలి; లేకపోతే బొరియలోకి ఈడ్చుకుపోతూ దారిలో వదిలేస్తుంది. కదలకుండా పైన రెండు ఇటుకలు పెట్టాలి. కొత్త గొట్టం కూడా ఎలుకకు వింత వస్తువే గనుక, మొదటి రాత్రులలో ఉత్త నూకలే వేయాలి.

మా పక్క వీధిలో జైన కుటుంబాలున్నాయి. వారు బోనులో పడ్డ ఎలుకను చంపరు. తెల్లవారుజామున నాలుగు వీధుల అవతల వదలివస్తారు. ఆ నాలుగు వీధుల అవతలివారు ఏమి చేస్తున్నారో నేను విచారించలేదు.

సూరత్‌లో ఎలుక మాట ఎత్తితే పెద్దలు 1994ను తలుస్తారు. ఆ ఆగస్టులో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో ప్లేగు బయటపడింది. సెప్టెంబరులో తాపీ వరద తీసిన వెనుక సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు భయం పుట్టి, లక్షలాది జనం రైళ్ళెక్కి పారిపోయారు. దేశం మొత్తంమీద 693 మంది అనుమానిత రోగులు, 56 మరణాలు లెక్కకు వచ్చాయి. ఊపిరితిత్తుల ప్లేగు మనిషి దగ్గు ద్వారా మనిషికి పాకుతుంది. అక్కడ ఎలుక పాత్ర వెనుకటిది. గడ్డల ప్లేగును మోసేది ఎలుక మీది ఈగు అని పాల్ లూయీ సిమాన్ 1898లో కరాచీలో కనుగొన్నాడు. ఎలుక చస్తే దాని ఈగులు వెచ్చని మరో ఒంటిని వెదుక్కుంటాయి. అందుచేత ప్లేగు సోకిన చోట ముందు ఈగులను చంపి, తరువాతనే ఎలుకలమీదికి వెళ్ళాలి. భయంతో ముందుగా ఎలుకలమీద పడడం ఆ సమయంలో కొరివితో తల గోక్కోవడమే. కరపత్రంలో ఈ విషయం లేదు. నేనే చేర్చాను, అనువాదకుడికి ఆ హక్కున్నదా అన్న వాదం మరొకప్పుడు చేసుకుందాం.

1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని శుభ్రపరచిన తీరు దేశమంతటికీ తెలిసినదే. అయితే ప్లేగు వెళ్ళినా ఎలుక వెళ్ళలేదు. దక్షిణ గుజరాత్‌లో సూరత్, నవసారి, వల్సాడ్ జిల్లాల వరి, చెరకు పొలాలలో వానాకాలం వచ్చిందంటే లెప్టోస్పైరోసిస్ జ్వరం వెంట వస్తుంది. ఎలుక మూత్రం కలిసిన నీటిలో పుండుపడ్డ కాళ్ళతో దిగినవారికి అది సోకుతుంది. ఆలస్యమైతే మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. 2006 ఆగస్టులో తాపీ వరద నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తినపుడు అందరూ ఆ నీటిలోనే నడిచారు.

గోదావరి డెల్టాలోని మా బంధువులకు ఈ పెట్టె గురించి రాస్తే, మాకు తాటాకు బుట్టలుండగా గొట్టాలెందుకన్నారు. నిజమే, ఎలుకలు పట్టేవారు పొలంలో పెట్టే ఆ విల్లుబుట్టలో విషం ప్రసక్తే లేదు. కాని వారికి ఇచ్చే కూలి ఎలుకల లెక్కన. సందులో పది ఎలుకలకోసం అంతదూరం ఎవరు వస్తారు?

వాడలో ఇప్పటికి పదకొండు గొట్టాలు అమర్చారు. మూడు రాత్రులు నూకలు మిగలకుండా తిన్నాయి. నాలుగో రోజు సాయంత్రం ఆ వృద్ధుడు చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కొని బిళ్ళలు కట్టాడు. ఆ పిల్లవాడి నాయనమ్మ వచ్చి ప్రతి గొట్టంలోనూ మోచేతిదాకా చేయి దూర్చి, వేళ్ళకు ఏదీ తగలలేదని నిశ్చయించుకున్నాక గాని మూతలు బిగించనివ్వలేదు.